ఒకే బడ్జెట్... మూడు స్పీకర్లు!

ఆన్‌లైన్‌లో ‘బ్లూటూత్ స్పీకర్’ అని కొట్టి చూడండి. ఐదొందల నుంచి యాభై వేల దాకా వరస కడతాయి. అన్నిటికీ నాలుగు స్టార్లే. అన్నీ ‘డీప్ బాస్’, అన్నీ ‘వాటర్‌ప్రూఫ్’, అన్నీ ‘రోజంతా బ్యాటరీ’. అరగంట స్క్రోల్ చేశాక మనకి తెలిసేది ఒక్కటే... ఏమీ తెలియలేదని!

ఈ దసరాకి నాకు బోనస్ వచ్చింది. స్పీకర్లు మూడు కొనాలి. తెనాలిలో అమ్మకొకటి, బాపట్లలో ఇంజినీరింగ్ చదువుతున్న తమ్ముడికొకటి, అమీర్‌పేట హాస్టల్లో మా ముగ్గురి గదికొకటి. ఒక్కోటి రెండున్నర వేలు దాటకూడదని ముందే గీత గీసుకున్నా. ఒకే మోడల్ మూడు తీసుకుంటే పని తేలిక. షాపులో బేరం కూడా కుదురుతుంది. కానీ కొనేముందు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాశా. ఎవరు వింటారు? ఎక్కడ వింటారు? ఎంతసేపు వింటారు? జవాబులు నింపేసరికి మూడు స్పీకర్లూ వేరైపోయాయి.

అమ్మకి కావాల్సింది తోడు

అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నాన్న పోయి రెండేళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ తెల్లారితే రేడియో మోగాల్సిందే. తర్వాత ఆ రేడియో కూడా మూగబోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో పగలంతా వినిపించేది మిషన్ చప్పుడొక్కటే. “ఫోన్‌లో పాటలు పెట్టుకోవచ్చుగా” అంటే, “చేతిలో కత్తెర పట్టుకుని ఆ యాడ్‌లన్నీ ఎవరు తీస్తారే? మధ్యలో ఫోనొస్తే పాట ఆగిపోద్ది” అంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే గుమ్మంలో నిలబడి పిలిచేవాళ్లు వినపడరు. కాబట్టి అమ్మ స్పీకర్‌కి నేను పెట్టుకున్న మొదటి షరతు... ఫోన్ లేకపోయినా అది పాడాలి.

అంటే ఎఫ్ఎం ఉండాలి, మెమరీ కార్డ్ పట్టాలి, పైన తడిమితే తెలిసే బటన్‌లు ఉండాలి. పెద్ద బ్రాండ్‌ల చిన్న స్పీకర్లలో ఇప్పుడు ఎఫ్ఎం, కార్డ్ స్లాట్ చాలావరకు కనపడవు. చవక రకాల్లోనే దొరుకుతాయి. అయితే ఎఫ్ఎం ఉందని రాసినంత మాత్రాన సరిపోదు. చాలావాటిలో యాంటెన్నా వేరుగా ఉండదు. ఛార్జింగ్ కేబుల్ గుచ్చితే అదే యాంటెన్నాలా పనిచేస్తుంది. కేబుల్ తీసేస్తే స్టేషన్ బదులు గరగర. అందుకని పైకి లాగే యాంటెన్నా ఉన్నదే వెతికా. రేడియో విషయంలో ఒక్క అడుగు పొడవు లోహపు పుల్ల చేసే సాయం, పెట్టె మీద రాసే ఏ ఫీచరూ చెయ్యదు.

కార్డ్ దగ్గర ఇంకో మెలిక. ఐదు నిమిషాల పాట మామూలు ఎంపీ3 క్వాలిటీలో, అంటే 128 కేబీపీఎస్‌లో, ఐదు ఎంబీ లోపే ఉంటుంది. 32 జీబీ కార్డ్‌లో ఆరు వేల పాటలు పడతాయన్నమాట. అంతకంటే పెద్ద కార్డ్‌లు వేరే ఫార్మాట్‌లో వస్తాయి. చాలా చవక స్పీకర్లకి అది అర్థం కాదు. కాబట్టి 64, 128 జీబీల మోజు వద్దు. ఇంకో చిన్న సంగతి... ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే ఆగిన చోటు నుంచి పాడుతుందా, లేక మొదటి పాట నుంచి మొదలెడుతుందా? రోజూ పొద్దున అదే పాటతో లేవాల్సి వస్తే అమ్మ రెండో వారానికే దాన్ని బీరువా ఎక్కించేస్తుంది.

వాట్‌లు చూసి వాలిపోకండి

తమ్ముడు ఫోన్‌లో అడిగింది ఒక్కటే: “అక్కా, ఎన్ని వాట్‌లు?” వాడి తప్పేం లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది అదే. కానీ 10 వాట్‌ల స్పీకర్ కంటే 20 వాట్‌లది రెట్టింపు గట్టిగా వినపడదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. మన చెవికి ‘రెట్టింపు సౌండ్’ అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పవర్ పది రెట్లు కావాలి! దీనికితోడు ‘పీఎంపీఓ’ అని వందల్లో, వేలల్లో రాసేవాళ్లూ ఉన్నారు. ఆ అంకెని పక్కన పెట్టి ‘ఆర్ఎంఎస్’ ఎంతో చూడండి. అది నిలకడగా ఇవ్వగలిగిన పవర్. జేబీఎల్ గో 3 అనే అరచేతి స్పీకర్ మీద 4.2 వాట్‌లనే ఉంటుంది. అయినా ఒక గదికి సరిపోతుంది. 5 నుంచి 10 వాట్‌లు గదికి, 20-30 వాట్‌లు డాబా మీదికి, ఆరుబయటికి అనుకుంటే లెక్క దగ్గర దగ్గరగా కుదురుతుంది.

బాస్ సంగతి కూడా అంతే. డప్పు దెబ్బ గుండెల్లో తగలాలంటే స్పీకర్ ఎక్కువ గాలిని కదిలించాలి. రెండంగుళాల కోన్ కదిలించే గాలి ఎంత? అందుకే కంపెనీలు పక్కల్లో ‘ప్యాసివ్ రేడియేటర్’ అనే పొర పెడతాయి. దానికి కరెంట్ అందదు. లోపలి గాలి ఒత్తిడికే ఊగుతూ బాస్‌ని నిలబెడుతుంది. స్పీకర్ పక్కల్లో ఊగే రేకులాంటిది కనిపిస్తే అదే ఇది. ఖర్చు లేని చిట్కా ఇంకోటుంది. స్పీకర్‌ని గోడకి ఆనించినట్టుగానో, గది మూలలోనో పెడితే బాస్ పెరుగుతుంది. గది మధ్యలో స్టూలు మీద పెడితే తగ్గుతుంది.

సూర్యలంక సముద్రం, ఐపీ నంబర్

తమ్ముడి స్పీకర్‌కి మాత్రం నీళ్ల గండం ఉంది. వాళ్ల బ్యాచ్ ఆదివారమైతే సూర్యలంక బీచ్‌లో తేలుతుంది. కాబట్టి ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట వదిలేసి ఐపీ నంబర్ చూశా. ఇందులో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీఎక్స్5 అంటే పైపుతో చిమ్మే నీటిని తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ‘ఎక్స్’ ఉందంటే దుమ్ము పరీక్షకి రేటింగ్ ఇవ్వలేదని అర్థం. బీచ్‌లో ఇసుక ఉంటుంది కాబట్టి ఐపీ67 ఉన్నదే మేలు.

ఇక్కడో మాట గుర్తుంచుకోవాలి. ఈ పరీక్షలన్నీ మంచినీళ్లతో చేసేవి. ఉప్పునీటి లెక్క వేరు. తమ్ముడికి స్పీకర్‌తోపాటు మూడు నియమాలు మెసేజ్ చేశా. బీచ్ నుంచి రాగానే మంచినీళ్లతో కడుగు. ఛార్జింగ్ మూత గట్టిగా మూసి కడుగు. పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టు. “కొనిచ్చిందానికంటే కండిషన్‌లు ఎక్కువున్నాయే” అని రిప్లై. పర్లేదు, వాళ్ల రూమ్‌మేట్ స్పీకర్ తడి ఆరకుండా ఛార్జింగ్ పెడితే ఏమైందో వాడే నాకు చెప్పాడు!

బ్యాటరీ విషయం కూడా వాడికే ఎక్కువ అవసరం. ‘12 గంటలు’ అని రాసేది సాధారణంగా సగం వాల్యూమ్‌లో పాడిస్తే వచ్చే లెక్క. ఫుల్‌లో పెట్టి, రంగుల లైట్‌లు వెలిగిస్తే అందులో సగం కూడా రాకపోవచ్చు. పైగా లిథియం బ్యాటరీ కొన్ని వందల ఛార్జింగ్‌ల తర్వాత మెల్లగా నీరసిస్తుంది. అందుకే మనకి అవసరమైన గంటలకి రెట్టింపు ఉన్నది తీసుకుంటే రెండో ఏడాది కూడా ఇబ్బంది ఉండదు.

మా గదిలో మూడు చెవులు... కాదు, ఆరు!

ఇక మా గది. కరీంనగర్ అక్క, శ్రీకాకుళం అమ్మాయి, నేను. ఆరు నెలలు ఒకే గదిలో ఉన్నాం. ముగ్గురం ఎవరి ఇయర్‌బడ్స్ వాళ్లు పెట్టుకుని, ఎవరి మంచం మీద వాళ్లు. పక్క మనిషికి ఏ పాటంటే ఇష్టమో కూడా తెలీదు. స్పీకర్ ఆలోచన వచ్చింది అక్కడే. కానీ ఇయర్‌బడ్స్‌కి లేని బాధ్యత స్పీకర్‌కి ఉంది. అది పెట్టినవాళ్లకే కాదు, అందరికీ వినపడుతుంది.

“పాటలు మంచిగనే ఉన్నయ్ గానీ, జర సౌండ్ తక్కువ చెయ్యవే. పొద్దుగాలే డ్యూటీ ఉన్నది” అని అక్క అంటే తగ్గించగలగాలి కదా! కొన్ని స్పీకర్లు ఒక్క పాయింట్ దగ్గరే గదంతా మోగిస్తాయి. ఆన్ చేయగానే ‘బ్లూటూత్ మోడ్’ అంటూ లౌడ్‌స్పీకర్ గొంతుతో అరిచేవి ఉన్నాయి. అర్ధరాత్రి దాని బటన్ నొక్కితే ఫ్లోర్ అంతా లేస్తుంది. అందుకే గదికి కొనేటప్పుడు ఎంత గట్టిగా పాడుతుందని కాకుండా, ఎంత మెల్లగా పాడగలదని చూశా. మెల్లగా పెట్టినా మాటలు స్పష్టంగా వినిపించాలి. అసలు మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. పక్క గదివాళ్లు వార్డెన్ దాకా వెళ్లకముందే ఆ టైమ్ మనకే గుర్తుండాలి.

ల్యాప్‌టాప్‌లో సినిమాలు చూస్తాం కాబట్టి ఆక్స్ పోర్ట్ కూడా కావాలనుకున్నా. బ్లూటూత్‌లో సౌండ్ కాస్త ఆలస్యంగా చేరుతుంది. వీడియో యాప్‌లు చాలావరకు ఆ తేడాని సర్దేస్తాయి. గేమ్‌లో మాత్రం తుపాకీ పేలాక చప్పుడు వస్తుంది. వైరు గుచ్చితే ఆ గొడవ ఉండదు. కోడెక్‌లు, హై-రెస్ అంటూ చెప్పే కబుర్లకి మాత్రం ఈ సైజు స్పీకర్ దగ్గర డబ్బు పెట్టనక్కర్లేదు. చిన్న డబ్బాలో ఆ తేడా పట్టుకోవడం కష్టం.

పది నిమిషాల పరీక్ష

మూడూ కోఠి గుజరాతీ గల్లీలో, చెవితో విని కొన్నా. షాపువాళ్లు బాస్ దంచే పాట ఒకటి రెడీగా పెట్టుకుంటారు. దానికి పడిపోవద్దు. మనకి కంఠతా వచ్చిన పాట మన ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లాలి. ముందు తక్కువ సౌండ్‌లో గొంతు స్పష్టంగా ఉందా చూడాలి. తర్వాత ఫుల్ పెట్టి పది అడుగులు వెనక్కి రావాలి. గొంతు చీరుకుపోతున్నా, డబ్బా టేబుల్ మీద నడుస్తున్నా వదిలేయండి. టైప్-సీ పోర్ట్ ఉన్నా మీ ఛార్జర్‌తో ఒకసారి గుచ్చి చూడండి. కొన్ని చవక స్పీకర్లు రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ ఎక్కవు. బ్లూటూత్ స్పీకర్లకి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద ‘ఆర్’తో మొదలయ్యే నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే వారంటీ మాటే ఉండదు.

చివరికి అమ్మది పదకొండొందలు, మా గదిది పద్దెనిమిదొందలు, తమ్ముడిది రెండు వేల నాలుగొందలు అయింది. అన్నిటికంటే చవకది అమ్మకిచ్చానని తమ్ముడు ఆటపట్టించాడు. కానీ మూడింటిలో ఎక్కువ గంటలు పాడుతున్నది అదే. మొన్న ఫోన్ చేస్తే అటువైపు మిషన్ చప్పుడు, దాని వెనక విజయవాడ రేడియోలో ఎవరిదో గొంతు. “ఉండవే, వార్తలయ్యాక చేస్తా” అని పెట్టేసింది.