రోడ్డంచున రాళ్ళు

మోటారు సైకిళ్ళ పిచ్చి మా ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఉంది. బండి నడిపేది ఒకరం, వెనుక కూర్చునేది ఒకరం. దారిలో ఎదురయ్యే బండ్లను చూసేది మాత్రం ఇద్దరమూ. తెనాలికి దగ్గరలో, కాలువ గట్టున ఉన్న మా ఊరినుండి 1997లో కొన్న స్ప్లెండర్ మీద రోజూ తిరుగుతూనే ఉంటాము. ఉదయం పొలానికి, మధ్యాహ్నం ఎరువుల కొట్టుకు, సాయంత్రం బజారుకు. పిల్లలు దాన్ని అమ్మేయమంటారు. మాకు మనసు రాదు.

అరుగు మీద కూర్చుని, శబ్దాన్నిబట్టి వచ్చేది ఏ బండో చెప్పుకోవడం మాకొక సరదా. నిదానంగా, బరువుగా కొట్టుకుంటూ వచ్చేది బుల్లెట్. పాత బుల్లెట్లకు గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉంటుంది. అలవాటులేనివాడు ఎక్కితే బండి ఆపబోయి గేరు తొక్కుతాడు. పాలాయన రెండువైపులా క్యాన్లు కట్టుకొని వచ్చే పాత సీడీ 100 చప్పుడు వింటే మా ఇంట్లో గిన్నె బయటికి వస్తుంది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే రాజ్‌దూత్ వెళ్ళిపోయాక కూడా వీధిలో దాని పొగ వాసన మిగిలి ఉంటుంది.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది మైసూరులో తయారైన యెజ్డి. దానికి కిక్కు రాడ్డు, గేరు రాడ్డు వేరువేరు కావు. స్టార్టు చేశాక అదే రాడ్డును ముందుకు వంచితే గేరు రాడ్డవుతుంది. ఆ కర్మాగారం 1996లో మూతపడింది. ఆ పేరుతో కొత్త బండ్లు 2022లో వచ్చాయి గాని, పాతది కనబడితే మా చూపు దానిమీదినుండి మరలదు.

ఆ చూపే ఒకనాడు మమ్మల్ని పడవేసింది. 2019 డిసెంబరులో మసకచీకటి వేళ తెనాలినుండి వస్తున్నాము. మా ముందు ఒక పాత యెజ్డి వెళుతున్నది. “అదుగో, రెండు సైలెన్సర్లూ ఎంత మెరుస్తున్నాయో!” అంటూ దగ్గరగా చూడాలని వేగం పెంచాము. రోడ్డులో సగం మేర ఎవరో ధాన్యం ఆరబోసి, నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టారు. దీపం లేదు. ముందు చక్రం రాయికి తగిలింది. చెదిరిన గింజలమీద బండి జారి ఇద్దరమూ పడ్డాము. నడిపేవారి తలకు హెల్మెట్ ఉంది, మణికట్టు మాత్రం విరిగింది. వెనుకనున్నవారి హెల్మెట్ “పక్క ఊరికేగా” అని ఇంట్లోనే ఉండిపోయింది. తలకు ఏడు కుట్లు పడ్డాయి. చప్పుడు విని యెజ్డి ఆయన వెనక్కి తిరిగి వచ్చి, ఆటో పిలిచి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చాడు. ఆ కంగారులో పేరైనా అడగలేదు.

మరునాడు ఆ ధాన్యం రైతు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “అన్నయ్యా, వదినా, తప్పు నాదే” అన్నాడు. గట్టిగా నాలుగు మాటలు అనాలని రాత్రంతా అనుకున్నవాళ్ళం మేము. తీరా నోరు తెరిచేసరికి మాట రాలేదు. అంతకుముందటి ఏడు మబ్బులు కమ్మితే మేమూ ఆ రోడ్డుమీదనే ధాన్యం పోశాము. మేమూ రాళ్ళే పెట్టాము. మేమూ దీపం పెట్టలేదు. ఆ రాత్రి ఎవరూ పడలేదు గనుక నిశ్చింతగా నిద్రపోయాము, అంతే. “తమ్ముడూ, అది నీ ఒక్కడి తప్పు కాదు, లోపలికి రా” అని పిలిచి ఆ సంగతి అతనికి చెప్పాము.

రైతు సరదాకు రోడ్డెక్కడు. ధాన్యంలో తేమ 17 శాతం మించరాదన్నది ప్రభుత్వ కొనుగోలు నిబంధన. ఆరబెట్టాలి, కళ్ళానికి చోటు లేదు. అందుకే మా దొడ్డి వెనుక పల్లంగా ఉన్న చోటును మెరక చేయించాము. ఇప్పుడు వంతులవారీగా అతనూ మేమూ అక్కడే ఆరబోసుకుంటున్నాము. వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. మాకది కుట్లు పడ్డాక గుర్తుకొచ్చింది.

ప్రియ పాఠకులారా, కోతల రోజుల్లో పొద్దు వాలితే బండి వేగం తగ్గించండి. తప్పనిసరై రోడ్డుమీద ఆరబోసినా చీకటి పడకముందే ఎత్తివేయండి. రాళ్ళు మాత్రం పెట్టకండి.

బండ్లను చూడడం మేము మానలేదు. కాని ఇప్పుడు మా బండి పక్కకు ఆపి చూస్తున్నాము. వీధిలో యెజ్డి చప్పుడు వినిపిస్తే ఇద్దరమూ గేటుదాకా వెళతాము. ఆయనేమో, ఒక్కసారి చేతులు పట్టుకొని కృతజ్ఞత చెప్పుకుందామని. ఇంతవరకు ఆయన కనబడలేదు.