ఎం.జి. కారులో అంబాసిడర్ ఇంజిన్

ఢిల్లీ ఆర్.కె. పురంలో సెక్టార్ మార్కెట్ వెనక సందులో ఒక రేకుల షెడ్డుంది. బయట నుంచి చూస్తే స్కూటర్లు బాగుచేసే కొట్టు అనుకుంటాం. లోపల ఆకుపచ్చ ఎం.జి.ఏ. స్పోర్ట్స్ కారు బానెట్ లేకుండా, ఇంజిన్ లేకుండా నిలబడి ఉంది. ఇంజినేమో పక్కనే ఇనుప స్టాండు మీద, హెడ్ విప్పేసి, నాలుగు సిలిండర్లూ కనబడేలా ఉంది. నేను వెళ్ళింది ఆ ఇంజిన్ కోసమే. అది ఏ కారుదో తేల్చడానికి ఒక తెలుగు పెద్దమనిషీ, ఒక పంజాబీ మిస్త్రీ కలిసి ఎంత శ్రమపడుతున్నారో విని, దగ్గరుండి చూడాలనిపించింది.

కారు యజమాని, నేను అన్నగారు అని పిలిచే ఆయన, కేంద్ర ప్రభుత్వంలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. తండ్రి కూడా ఇక్కడే ఉద్యోగం చేశారు, స్వస్థలం రాజమండ్రి. విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూసుకుపోయిన ఆ రోజుల్లో రాయబార కార్యాలయాలవాళ్ళు వాడి వదిలేసిన కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చేవి. తండ్రి ఈ కారుని అలాగే కొన్నారట. "మా నాన్న జీవితంలో చేసిన ఒకే ఒక్క దుబారా ఇది, తమ్ముడూ" అన్నారు, బాధపడుతున్నట్టు కాదు, గర్వంగానే.

ఎం.జి.ఏ. కారు 1955 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో బయటికొచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 వరకు 1,01,081 కార్లు తయారయ్యాయి. ఎక్కువ భాగం అమెరికాకే పోయాయి. మొదటి రకంలో ఉన్నది 1489 సి.సి. ఇంజిన్, బి-సిరీస్ అంటారు. ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసిపోయి బి.ఎం.సి. అయ్యాక ఈ ఒక్క ఇంజిన్‌నే సంసారపక్షం కార్లకీ, స్పోర్ట్స్ కార్లకీ పెట్టారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునే ఉత్తరపారాలో అంబాసిడర్‌గా చేసిన హిందుస్థాన్ మోటార్స్, మొదటి సైడ్‌వాల్వ్ ఇంజిన్ మార్చి, 1959 ప్రాంతంలో ఇదే 1489 సి.సి. బి-సిరీస్‌ని అందులో పెట్టింది. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఎం.జి.ఏ.లోనూ అంతే, అంబాసిడర్‌లోనూ అంతే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజిన్‌కీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఇంజిన్‌కీ ఇలాంటి చుట్టరికమే ఉంది.

కాబట్టి ఆ రోజుల్లో మన దేశంలో ఎం.జి. ఇంజిన్ చెడిపోతే మిస్త్రీ ఏం చేసేవాడు? బ్రిటన్ నుంచి విడిభాగం తెప్పించుకునే దారి ఉండేది కాదు. వీధికి రెండు అంబాసిడర్లుండేవి. అంబాసిడర్ ఇంజిన్ ఎత్తి ఎం.జి.లో దించేవాడు, కారు నడిచేది. ఆ పని చేసిన మిస్త్రీలని తప్పుపట్టేవాళ్ళని కార్ల ర్యాలీల్లో చూశాను. వాళ్ళతో నేను ఏకీభవించను. వాళ్ళ చేయి పడకపోతే ఈ కార్లు మాయాపురిలో తుక్కు కింద పోయేవి.

అయితే ఇంజిన్ ఏదో తెలియాలి కదా. బ్లాకు కుడివైపు డైనమో పైన నంబరు రేకు ఉండాలి, రివెట్లు కొట్టి. ఇక్కడ రెండు రివెట్ కన్నాలే మిగిలాయి, రేకు లేదు. బ్రిటన్‌లో గేడన్‌లోని మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి ఛాసిస్ నంబరుని బట్టి ధ్రువపత్రం ఇస్తుంది. అన్నగారు అది తెప్పించుకున్నారు. అందులో ఇంజిన్ నంబరు బీపీ15జీబీ అనే అక్షరాలతో మొదలైంది, ఎం.జి.ఏ. మొదటి ఇంజిన్లకి ఉండే గుర్తు అదే. తండ్రిగారి పాత ఆర్.సి. పుస్తకంలో మాత్రం మొదటి నంబరు ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ఇంకో నంబరు రాసి ముద్ర వేసి ఉంది. కాగితం చెప్పేది అంతవరకే. ఇప్పుడు స్టాండు మీద ఉన్నది ఆ రెండింటిలో ఏది?

అందరూ ఉస్తాద్ అనే ఆ పంజాబీ మిస్త్రీ నా చెయ్యి పట్టుకుని బ్లాకు ఎడమవైపు వెనక మూలన పెట్టించాడు. "ఇక్కడ కన్నం ఉండాలి సాబ్. లేదు చూడండి." ఎం.జి.ఏ.లో ఇంజిన్ వేగం చూపించే టాకోమీటర్‌కి తీగ కామ్‌షాఫ్ట్ వెనక కొస నుంచి వస్తుంది, దానికోసం బ్లాకులో ఆ చోట తొలిచి ఉంటుంది. ఇంటి కారుకి టాకోమీటరే లేదు కనుక అంబాసిడర్ బ్లాకులో ఆ చోట తొలిచేవారు కాదు. నా వేళ్ళకి తగిలింది నున్నటి పోత ఇనుమే.

అన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నాన్న నడుపుతుంటే ఆ డయల్‌లో ముల్లు కదలడం నేను ఎప్పుడూ చూడలేదు. పాడైందనుకున్నాం."

అది పాడవలేదు. దాన్ని తిప్పేదే లేదు. ఒక ఇంజిన్‌ని గుర్తుపట్టడంలో నన్ను అన్నిటికన్నా కదిలించిన సాక్ష్యం ఇదే. రేకు పోవచ్చు, సిరాతో కొట్టేయవచ్చు, కానీ ఫ్యాక్టరీలో తొలవని చోటుని తొలిచినట్టు ఎవరూ చూపించలేరు.

జంట ఎస్.యు. కార్బురేటర్లు మాత్రం అసలువే, ఒకటిన్నర అంగుళం గొంతువి. అంబాసిడర్‌కి ఒక్కటే ఉంటుంది. అంటే పాత మిస్త్రీ బ్లాకు మార్చి, ఎం.జి. ఊపిరితిత్తులు మాత్రం దానికే ఉంచాడు. ఆ మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. తెలిస్తే ఇక్కడ రాసేవాణ్ణి.

ఇక విప్పిన ఇంజిన్. ఉస్తాద్ దగ్గర్లోని వెస్ట్ బ్లాక్ ప్రభుత్వ ఆఫీసుల అంబాసిడర్లు విప్పీ బిగించీ చేయి తిరిగినవాడు. డయల్ గేజ్ సిలిండర్‌లోకి దించి పైన, మధ్యన, కింద కొలిచాడు. రింగులు రాసుకునే పై భాగంలో బోరు అరిగి కోలగా మారింది. ఇది ఇప్పటికే ముప్ఫై సైజు కొట్టిన బ్లాకు. ఓవర్‌సైజులు పది, ఇరవై, ముప్ఫై, నలభై అని అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో ఉంటాయి. ఇంక నలభై మాత్రమే మిగిలింది. అది కూడా అయిపోతే స్లీవు వేసి మళ్ళీ మొదటి కొలతకి రావాలి. ఏది మేలని నేనడిగితే, గోడ మందం చూడకుండా మాట చెప్పనన్నాడు.

కనెక్టింగ్ రాడ్డు చేతికిచ్చాడు. పెద్ద కొస అడ్డంగా కాక ఏటవాలుగా రెండు ముక్కలై ఉంది. తిన్నగా కోస్తే ఆ కొస వెడల్పుకి సిలిండర్‌లోంచి పైకి రాదు. ఏటవాలు కోతతో జారి వచ్చేస్తుంది. డెబ్బై ఏళ్ళ కిందటి డిజైనర్ రేపటి మిస్త్రీ గురించి ఆలోచించాడనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులు. తర్వాత వచ్చిన ఎం.జి.బి. కారు ఇంజిన్‌కి 1964లో గానీ అయిదు కాలేదు. క్రాంక్ వెనక కొసన రబ్బరు సీలు లేదు, మరలాంటి గాడి మాత్రం ఉంది. తిరిగేటప్పుడు నూనెని అదే లోపలికి తోస్తుంది, ఆగితే ఓ చుక్క కారుతుంది. అంబాసిడర్ ఆగిన చోట నేల మీద మరక ఎందుకుండేదో ఇంతకాలానికి తెలిసింది.

హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు కొత్తవి, గట్టివి వేయిస్తున్నారు. ఈ ఇంజిన్ పుట్టినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది, సీట్లు అరగకుండా అదే కాపాడేది. ఢిల్లీలో 1998లో, దేశమంతా 2000 ఫిబ్రవరి నుంచి సీసం పోయింది. ఊరి గాలికి అది మేలే, పాత సీట్లకి మాత్రం కాదు. పైగా ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలు, కార్క్ సీళ్ళు దాన్ని తట్టుకోలేవు. ఇంధనం పారే దారి మొత్తం మార్చాల్సిందే.

అసలు చిక్కు కాగితాల దగ్గర. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఢిల్లీలో ఇంత పాత పెట్రోలు కార్లకి మామూలుగా నడిచే హక్కు లేదు కనుక, ఈ కారు ర్యాలీకైనా రోడ్డెక్కాలంటే ఆ దారే గతి. మరి అంబాసిడర్ బ్లాకుతో? లండన్ నుంచి పాత ఎం.జి.ఏ. బ్లాకు తెప్పించవచ్చు, కానీ అది మరో కారు బ్లాకు, దాని నంబరు దానిదే. దాని మీద బీపీ15జీబీ నంబరు కొత్తగా కొట్టిస్తానని ముందుకొచ్చిన వాళ్ళూ ఉన్నారట. అది మోసం, అన్నగారు ఒప్పుకోలేదు. నేను కూడా అదే అంటాను. పోయిన బ్లాకు పోయింది. తండ్రి ఈ కారుని ఢిల్లీ రోడ్ల మీద నడిపింది ఈ బ్లాకుతోనే. ఆర్.సి. పుస్తకం నకలు, గేడన్ ధ్రువపత్రం, తొలవని ఆ మూల ఫొటో జతచేసి, ఉన్నది ఉన్నట్టు రాసి దరఖాస్తు పెట్టాలని ఆయన నిర్ణయించుకున్నారు. అధికారి ఏమన్నా సరే, నంబరు రేకు చోటు ఖాళీగానే ఉంచుతారు.

నేనుండగానే కశ్మీరీ గేట్ విడిభాగాల బజారు నుంచి ఒక కుర్రాడు పిస్టన్ల పెట్టె తెచ్చాడు. నలభై సైజే. ఉస్తాద్ ఒకటి తీసి మైక్రోమీటర్ పెట్టి, తల ఆకారం చూసి, పక్కన పెట్టేశాడు. అంబాసిడర్‌కి వాడే తక్కువ కంప్రెషన్ పిస్టన్ అది. జంట కార్బురేటర్లకి ఇది చాలదు, ఎం.జి.కి ఇచ్చిన 8.3 నిష్పత్తి రావాలన్నాడు.

"సోమవారం బోరింగ్‌కి పంపుదామన్నావు కదా ఉస్తాద్‌జీ?" అన్నారు అన్నగారు.

"పిస్టన్ చేతిలో లేకుండా బోరు కొట్టించను సాబ్. నాలుగూ కొలిచి, దేని బోరు దానికి కొట్టాలి. బర్మింగ్‌హామ్ నుంచైనా తెప్పించండి, ఆగుతాను."

కుర్రాడు పెట్టె మూసి స్కూటర్ ఎక్కాడు. అన్నగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి సైజు, నిష్పత్తి రాసుకుని, రాసింది ఉస్తాద్‌కి ఇంకోసారి చదివి వినిపించారు.