మజిలీ అంటే సినిమా అనుకున్నా

ఈ సెమిస్టర్ మా క్లబ్‌లో ఒక రూల్ పెట్టారు. ప్రతి ఒక్కరూ ఒక పాత తెలుగు పుస్తకం చదివొచ్చి దాని గురించి మాట్లాడాలి. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు ఎక్కువైతే ఇప్పటికీ పెదాలు కదుపుతూ చదువుతాను. లైబ్రరీకి లేటుగా వెళ్లేసరికి సన్న పుస్తకాలన్నీ ఎవరో తీసుకెళ్లిపోయారు. నాకు మిగిలింది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న దాదాపు వంద మందితో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. దారిలో రాసుకున్నదంతా శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడికి పంపేవాడు. 1838లో అది పుస్తకంగా అచ్చయింది. ప్రెజెంటేషన్‌కి ఈ నాలుగు ముక్కలు చాలు, చదవక్కర్లేదు అనుకున్నా.

మొదటి పేజీలు అచ్చం సర్వర్ లాగ్ లాగే ఉన్నాయి. ఫలానా మజిలీ, ఇన్ని ఇళ్లు, అంగళ్లున్నాయా లేవా, నీళ్లు మంచివేనా, దారి ఇసుకా రాళ్లా. (మజిలీ అంటే నాకు నాగచైతన్య సినిమా ఒక్కటే తెలుసు. దిగి ఆగే చోటని అప్పుడే తెలిసింది.) బోర్ కొట్టింది. అయినా ఎప్పుడు పట్టుకుందో తెలీదు, ఒక రాత్రి ఒంటిగంటకి, తర్వాతి ఊళ్లో నీళ్లు దొరుకుతాయా లేదా అని టెన్షన్‌గా పేజీ తిప్పుతున్నా. నాకేంటి సంబంధం? ఆ నీళ్లు తాగినవాళ్లు పోయి నూటయాభై ఏళ్లు దాటింది!

కులాల గురించి రాసిన కొన్ని చోట్ల మాత్రం ఆయన మీద చిరాకేసింది. ఇంకో మాట కూడా అనిపించింది. పల్లకి మోసిన బోయీలు కూడా రాసుంటే ఎంత బాగుండేది. అదే రాళ్లదారి, వాళ్ల కాళ్లకి ఎలా ఉండేదో.

అప్పుడు బాపు గుర్తొచ్చాడు.

మా బాపు లారీ డ్రైవర్. హైదరాబాద్ నుంచి నాగపూర్, జబల్‌పూర్ వైపు లోడు. వీరాస్వామి వెళ్లిందీ ఆ ఊళ్ల మీదుగానే. ఫోన్ చేసినప్పుడల్లా బాపు చెప్పేది ఒక్కటే, "బిడ్డా, ఈడ ఆగిన. రొట్టె మంచిగుంది. నీళ్లు ఉప్పగున్నయ్. రోడ్డు పాడుగుంది." నేను "ఊఁ, సరే బాపు, క్లాసుంది" అని పెట్టేసేదాన్ని. చాలాసార్లు క్లాసుండేది కాదు. హాస్టల్‌లో మా నాన్న ఏం చేస్తాడని అడిగితే "ట్రాన్స్‌పోర్ట్" అని చెప్పి ఊరుకున్నదాన్ని కూడా నేనే.

ముక్కూ మొహం తెలియని మనిషి మజిలీలు పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదువుతున్నా. మా బాపు ఎక్కడెక్కడ ఆగుతాడో ఒక్క పేరూ చెప్పలేను.

పొద్దున్నే ఫోన్ చేశా. లఖ్‌నాదోన్ దాటానన్నాడు.

"అక్కడ నీళ్లు ఎట్లున్నయ్ బాపు?"

కాసేపు ఇంజన్ చప్పుడే వినిపించింది.

"ఎందుకు బిడ్డా, నువ్వొస్తున్నవా ఏంది?"