కొండెక్కిన దీపం

మొన్న మా ఓవెన్‌లోని దీపం కొండెక్కింది. ఆరిపోయిందనడం మా యింట ఆచారం కాదు. "ఏ కొండ తాతయ్యా, సింహాచలమా, కైలాసగిరా?" అన్నాడు మనవడు. వాడి పుట్టినరోజు కేకే లోపల ఉన్నది. చూపు మందగించిన మా శ్రీమతి, ఏమీ కానరాక మాటిమాటికీ తలుపు తెరిచింది. కేకు కూలబడింది; ఆమె ముంజేయి బొబ్బలెక్కింది.

మర్నాడు గాజువాకలో కొన్నది తీరా చూస్తే ఫ్రిజ్ బల్బు! రెండూ కవలలే: అదే చిన్న మరల మూతి, అవే 15 వాట్లు. రెండు పూటలకే గాజుబుడ్డి మూతినుండి ఊడింది. ఎల్.ఇ.డి. అయితే అంతకు ముందే ప్రాణం విడిచేది. దాని సర్క్యూటు ఆ సెగకు ఆగదు. కావలసినది 300 డిగ్రీలని ముద్రించిన పాతకాలపు తీగబల్బు. ఇంచుమించు 2500 డిగ్రీల వద్ద వెలిగే టంగ్‌స్టన్ తీగకు ఓవెన్ వేడి ఒక లెక్కా? తాళలేనివి మూతి దగ్గరి లప్పమూ, టంకమూను. దుకాణదారుణ్ణి అనను. జీవితమంతా పిల్లలచేత అక్షరమక్షరం చదివించిన నేనే ఆ చిన్న అక్షరాలు చదవలేదు.

ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, గాజుమూత ఎడమకు తిప్పి, కొత్తది బిగించాను. శ్రీమతి స్టూలు జరుపుకొని, కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకొని, అద్దంలోకి చూస్తూ కూర్చున్నది.

"పొంగుతోందండీ," అన్నది.