లోనా? బయటా?

2025 ఆగస్టు 20న ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు లోక్‌సభలో నినాదాల హోరు మధ్య, దాదాపు చర్చ లేకుండానే నెగ్గింది. మర్నాడు రాజ్యసభ, ఆపై రాష్ట్రపతి ఆమోదం. ఆ వార్త రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది సభ కాదు, మా పిన్ని కొడుకు. ఇంటి స్థలానికని దాచుకున్న సొమ్మును ఫోన్‌లో ‘అందర్ బాహర్’ ఆడి పోగొట్టుకున్నాడు. ‘‘ఇందులో మోసం లేదన్నయ్యా, సగం సగం అవకాశమే’’ అని అంతకుముందు నాతో వాదించినవాడు.

ఆట మనకు కొత్తది కాదు. సంక్రాంతి బరుల పక్కన ‘లోనా బయటా’ పేరుతో చూసినదే. పేక కట్టలోంచి ఒక ముక్క తీసి నడుమ పెడతారు. ఆ పైన లోపలికొకటి, బయటికొకటి వేస్తూ పోతారు. నడుమ ముక్కకు సమానమైనది ఎటు ముందు పడితే అటు కాసినవారిది గెలుపు. వైపు ఎంచుకోవడం తప్ప ఆడేవాడు చేసేదేమీ లేదు.

కాగితం మీద లెక్క వేసి చూశాను. మిగిలిన 51 ముక్కల్లో సరిపోలేవి మూడు. అవి ఉండగల స్థానాలు 20,825 రకాలు. వాటిలో 10,725 సార్లు, అంటే 51.5 శాతం, మొదటి ముక్క పడిన వైపే గెలుస్తుంది. అందుకే సాధారణంగా ఆ వైపు రూపాయికి 90 పైసలే ఇస్తారు, రెండో వైపు రూపాయికి రూపాయి. వంద రూపాయల పందెం మీద సగటు కోత మొదటి వైపు రూ.2.15, రెండో వైపు రూ.3. తమ్ముడు చెప్పింది దాదాపు నిజమే. వ్యాపారమంతా ఆ ‘దాదాపు’లోనే ఉంది.

బరి దగ్గర ఆట మూడు రోజులు. ఫోన్‌లో ఏడాది పొడవునా సంక్రాంతే. నిమిషానికొకటి చొప్పున రాత్రికి 300 ఆటలు ఆడవచ్చు. వంద చొప్పున కాసినా సగటున పోయేది రూ.900 లోపే. కానీ ఓడిన ప్రతిసారీ వాడు పందెం రెట్టింపు చేశాడు. రెండో వైపు వరుసగా ఎనిమిది ఓటములకు అవకాశం సుమారు 200లో ఒకటి. 300 ఆటల రాత్రిలో అది అరుదైన సంగతి కాదు. వందతో మొదలైనవాడు అక్కడికి రూ.25,500 పోగొట్టుకుని, తొమ్మిదో పందానికి రూ.25,600 వెతుక్కుంటాడు.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి మన వాదమంతా నైపుణ్యమా, అదృష్టమా అన్న దగ్గరే తిరిగింది. కొత్త చట్టం ఆ తేడాను పక్కన పెట్టి, డబ్బు పెట్టి ఆడించడాన్నే నేరం చేసింది. ఆడినవాడిని శిక్షించకపోవడం సబబే. అయితే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాక కూడా ఈ ఆట వాడి అరచేతిలోకి వచ్చింది. నడుమ 2023 అక్టోబరు నుంచి జీఎస్టీ మండలి ఇలాంటి ఆటలకు కట్టిన డిపాజిట్ మొత్తం మీద 28 శాతం పన్ను వేయించింది. వాడు ఆడిన విదేశీ సైటు ఆ పన్నూ కట్టలేదు, ఈ నిషేధాన్నీ లెక్కచేయలేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఆ కాగితం వాడి ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు.

‘‘అయితే అన్నయ్యా, మొదటి ముక్క పడే వైపే కాయాల్సింది కదూ?’’ అన్నాడు.