బండి ఆయిల్ తాగుతుంటే చూసి ఊరుకోకండి

మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల గురించే రాసుకుంటాం. ఈసారి నేను బండి గురించి రాస్తున్నాను. నవ్వకండి, చివరిదాకా చదవండి.

మాది తాడ్వాయి మండలంలో ఒక కోయగూడెం. నేను హన్మకొండలో డిగ్రీ చదివేటప్పుడు నాయిన మిర్చి పైసలతో ఒక పాత వంద సీసీ బండి కొన్నాడు. మా ఇంట్లో మొదటి బండి అదే. పొలానికి అదే, సంతకు అదే, అవ్వను దవాఖానకు తీసుకపోవాలన్నా అదే. ఒకసారి రెండు నెలలు నన్నే వాడుకోమని ఇచ్చాడు. యూనివర్సిటీ క్రాస్ రోడ్డు, భద్రకాళి గుడి, ఫ్రెండ్స్ రూములు, అన్నీ తిరిగాను. పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చేది. "ఆయిల్ తాగుతుంది రా, పాత బండ్లన్నీ అంతే" అన్నాడు రూమ్మేట్. నేనూ అంతే అనుకున్నాను.

దసరా సెలవులకు అదే బండి మీద ఊరికి పోయాను. ఆత్మకూరు, ములుగు, గోవిందరావుపేట, పస్రా మీదుగా వందకు దగ్గర కిలోమీటర్లు. రెండో రోజు రాత్రి చెల్లెకు జ్వరం ముదిరింది. పిలిస్తే పలుకుతలేదు. నాయిన బండి తీశాడు, మధ్యలో చెల్లె, వెనక నేను పట్టుకుని కూర్చున్నా. తాడ్వాయి దాటి అడవిలోకి రాగానే ఇంజిన్‌లో టకటక చప్పుడు మొదలైంది. పికప్ తగ్గింది. ఒక్కసారి వెనక చక్రం బిగుసుకపోయి బండి ఆగింది. కిక్కు కొడితే రాయిలాగా ఉంది. ఇంజిన్ పట్టేసింది. చుట్టూ చీకటి, ఫోన్‌కు సిగ్నల్ లేదు. గంట తర్వాత ఒక డీసీఎం వచ్చింది. డ్రైవరన్న ఎక్కించుకుని ములుగులో దింపాడు. మలేరియా అని తేలింది. చెల్లె బతికింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

తెల్లారినాక నాయిన నన్ను ఒక్క మాటే అడిగాడు. "ఆ పుల్ల ఎప్పుడన్న తీసి చూసినవా బిడ్డా?" ఆయిల్ చూసే పుల్ల. రెండు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట చెప్పలేక తల దించుకున్నా. ఆయన ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ములుగులో మెకానిక్ ఇంజిన్ విప్పితే అర చెంచా నల్లటి ఆయిల్ మిగిలింది. బోరు లోపల నిలువుగా గీతలు. పని లేత్ షాపులోనే కావాలన్నాడు. బోరును సంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని హన్మకొండ తెచ్చాను. లేత్ మేస్త్రీ దగ్గర నిలబడి ఆ రోజు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

మన బండి ఇంజిన్‌లో పట్టేది దాదాపు ఒక్క లీటరు ఆయిల్. ఆ లీటరే పిస్టన్‌కు, గేర్లకు, క్లచ్‌కు పని చేయాలి, వేడిని కూడా గుంజుకోవాలి. పిస్టన్‌కు మూడు రింగులు ఉంటాయి. పై రెండూ మంట ఒత్తిడిని కిందికి పోనియ్యవు. మూడోది బోరు గోడల మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. రింగులు అరిగినా, మసి పట్టి గాడిలో ఇరుక్కపోయినా, బోరు అరిగినా ఆయిల్ పైకెక్కి పెట్రోల్‌తో కాలిపోతుంది. అదే నీలం పొగ. ఇంకో దారి పైనుంచి. హెడ్‌లో వాల్వ్ సీళ్లు రబ్బరువి. వేడికి గట్టిపడితే అక్కడి నుంచి ఆయిల్ లోపలికి దిగుతుంది.

తేడా ఎట్ల తెలుస్తదంటే, రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే బుస్సున నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగితే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా పొగ వస్తూ, పికప్ కూడా తగ్గితే రింగులు, బోరు. సీళ్ల పని చిన్నది. బోరు పని పెద్దది. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్ల పొగ నీటి ఆవిరి, భయం లేదు. నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువ పోతోందని.

మా బోరు ఎందుకు అరిగింది? మేస్త్రీ ఎయిర్ ఫిల్టర్ తెమ్మన్నాడు. దులిపితే ఎర్ర మట్టి రాలింది. మన అడవి రోడ్ల దుమ్ములో ఉండేది సన్నటి ఇసుకే. ఫిల్టర్ పాడైతే అది లోపలికి పోయి గరుకు కాయితం లెక్క బోరును గీకుతుంది. టౌన్‌లో నడిచే బండి కంటే గూడెంలో నడిచే బండికి ఫిల్టర్ ముందే శుభ్రం చేయాలి, ముందే మార్చాలి.

మన పెద్దోళ్లు పొగను ఎందుకు పట్టించుకోరో కూడా అప్పుడే అర్థమైంది. వాళ్లు చూసినవి రాజ్‌దూత్‌లు, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లు. వాటిలో ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలడమే పద్ధతి, పొగ మామూలు. ఇప్పటి బండ్లు ఫోర్ స్ట్రోక్. వీటిలో ఆయిల్ కాలకూడదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లకైతే ఆయిల్ పొగ సైలెన్సర్‌లోని కెటలిటిక్ కన్వర్టర్‌ను కూడా పాడు చేస్తుంది.

మరి ఇంజిన్ ఎన్నాళ్లు వస్తది? దీనికి ఒకే లెక్క లేదు. లక్ష కిలోమీటర్లు దాటినా బోరు విప్పని వంద సీసీ బండ్లు ఉన్నాయి, ఇరవై వేలకే పట్టేసినవీ ఉన్నాయి. ఆయిల్ కొద్దిగా తగ్గిందంటే బండి చచ్చిందని కాదు. కానీ కారులో మూడు నాలుగు లీటర్లు ఉంటే మనకున్నది ఒక్కటే. పావు లీటరు పోయిందంటే నాలుగో వంతు పోయినట్టే. మా బండి చావడానికి కారణం ఆయిల్ తాగడం కాదు, తాగినంత నేను పోయకపోవడం.

బోరు అర మిల్లీమీటరు పెద్దది చేసి, కొత్త పిస్టన్, రింగులు వేసి మొత్తం 4,800 అయ్యింది. అవ్వ తునికాకు పైసలు దాచిపెట్టిన డబ్బాలోంచి ఇచ్చింది. ఒక్కో కట్ట ఎండలో ఎట్ల కడతదో నాకు తెలుసు.

అందుకే చెబుతున్నా. పదిహేను రోజులకు ఒకసారి, దూరం పోయే ముందు తప్పకుండా, బండిని సమానంగా ఉన్న చోట సెంటర్ స్టాండ్ వేసి, రెండు నిమిషాలు ఆన్ చేసి ఆపి, కాసేపు ఆగి పుల్ల తీసి తుడిచి చూడండి. చాలా బండ్లలో మర బిగించకుండా ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉండాలి. కారు ఆయిల్ పోయకండి, క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నది కొనండి. పాత బండి కొనేటప్పుడు పొద్దున్నే పోయి, ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకుని మీరే స్టార్ట్ చేయండి. ముందే వేడి చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారని అనుమానించండి.

ఆ బండి ఇంకా ఉంది, పొగ లేదు. నాయినకు చదువు రాదు. ఆయిల్ పోసిన ప్రతిసారి దర్వాజ చెక్క మీద బొగ్గుతో ఒక గీత గీస్తాడు. నేను ఇంటికి పోగానే ముందు ఆ గీతలే లెక్కపెడతా.

సంక్రాంతికి బండ్ల మీద ఊర్లకు పోయేవాళ్లు ఈ రోజే పుల్ల తీసి చూడండి. మన ఊర్లలో రాత్రిపూట బండే అంబులెన్స్.