జానెడు గట్టు మీద ఎస్ప్రెస్సో!

పోస్టరు చూసి సినిమాకి వెళ్లొచ్చు, బాగోకపోతే ఇంటర్వెల్లో లేచి రావొచ్చు. ఎస్ప్రెస్సో మిషను అలా కాదండీ, కొన్నాక వంటింట్లోనే తిష్ఠ వేస్తుంది!

"నా మిక్సీ కదిపావో, నీ మిషను వీధిలోకే!" ఇదీ మా అమ్మ సెన్సారు. మిక్సీ పక్కన మిగిలింది జానెడు గట్టే మరి.

పెట్టెల మీద 15 బార్లంటూ ఒకటే డప్పు. కాఫీ దిగడానికి 9 చాలు, తక్కింది పబ్లిసిటీ! నేను చూసింది వెడల్పే. డెలోంగీ డెడికా 15 సెంటీమీటర్లు. వెనకున్న నీళ్ల తొట్టి తీసిపెట్టే ఖాళీ కూడా కొలిచాకే కొన్నాను.

మరి గింజలు సన్నగా ఆడించేదెలా? చేత్తో తిప్పే చిన్న మర తెచ్చా, సొరుగులో పడుంటుంది. మిక్సీ అంగుళం కదల్లేదు.

మొదటి కప్పు చప్పరించి అమ్మ అంది కదా, "డికాక్షన్ దివ్యంగా ఉంది. ఇక పాలు పొయ్యి!"